కొన్నవాళ్ల మాటలో పెట్టె ఎంత, ఇల్లు ఎంత

సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190, యమహా ఆర్-ఎస్202. ఇంట్లో పాటలు వినడానికి పెద్దగా ఖర్చు పెట్టలేనివాళ్లు స్టీరియో రిసీవర్ కోసం వెతికితే మొదట ఎదురయ్యే పేర్లలో ఈ రెండూ ఉంటాయి. రెండూ జపాను కంపెనీలవే. రెండూ రెండు చానళ్ల పెట్టెలే, హోం థియేటర్ జోలికి పోవు. వెడల్పు దాదాపు 43 సెంటీమీటర్లు, బరువు ఏడు కిలోల లోపు. చానల్‌కు 100 వాట్లని రెండు కంపెనీలూ చెప్పుకుంటాయి. బ్లూటూత్, రేడియో, రెండు జతల స్పీకర్లకు చోటు రెండింటిలోనూ ఉన్నాయి. 2018లో సోనీ తన పెట్టెను అమెరికా మార్కెట్‌కు తెచ్చినప్పుడు ధర 150 డాలర్లు. యమహా కూడా ఇంచుమించు ఆ తరగతిదే.

ఇంత దగ్గరి పోలికలున్నా, కొన్నవాళ్ల అభిప్రాయాలకు మాత్రం ఎక్కడా పొంతన కుదరదు. ఒకాయన ఈ ధరకు ఇంతకన్నా ఏం కావాలంటాడు. అదే పెట్టె కొన్న ఇంకొకాయన డబ్బు దండగ అంటాడు. ఒకరికి బాస్ గుండెకు తగులుతుంది, ఇంకొకరికి అసలు వినపడదు. వీటిని చదివి కొనాలనుకునే మనిషి చివరికి చుక్కలు లెక్కపెట్టి, సగటు ఎక్కువున్న దాన్ని కొనేస్తాడు. ఆ సగటు అతనికి పెద్దగా పనికిరాదు. ఎందుకంటే అందులో ధర గురించిన మాట, పెట్టె గురించిన మాట, ఇంటి గురించిన మాట మూడూ కలిసిపోయి ఉంటాయి.

ఈ మూడింటినీ విడదీయవచ్చు. దానికి రెండు పెట్టెల వాళ్ల మాటల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండు పెట్టెలవాళ్లూ ఒకేలా చెప్పేది ఆ ధరకు సంబంధించిన సంగతి. ఒక పెట్టెవాళ్లే చెప్పి, రెండో పెట్టెవాళ్లు చెప్పనిది ఆ పెట్టె సంగతి. ఒకే పెట్టె గురించి ఇద్దరు ఎదురెదురుగా చెబితే, అది చాలావరకు వాళ్ల గది, వాళ్ల స్పీకర్లు, వాళ్లు బిగించిన వైర్ల సంగతి. ఈ లెక్కన చూస్తే ఈ రెండు రిసీవర్లూ ఏమిటో బాగానే తేలుతుంది.

ఇద్దరూ ఒకేలా అనే మాటలు

మొదట మెచ్చుకోలు. సోనీవాళ్లూ యమహావాళ్లూ ఎక్కువగా చెప్పేది ఒకటే: శబ్దం శుభ్రంగా ఉంది, మామూలు గదికి బలం సరిపోతుంది. ఈ మాటను నమ్మవచ్చు. రెండు చానళ్ల ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ తయారీ దశాబ్దాల కిందటే బాగా స్థిరపడిన విద్య. వీడియో సర్క్యూట్లు, అయిదారు అదనపు చానళ్లు, లైసెన్సు కట్టాల్సిన డీకోడర్లు లేకపోతే, తక్కువ ధరలోనే ట్రాన్స్‌ఫార్మర్‌కూ హీట్‌సింక్‌కూ కాస్త డబ్బు మిగులుతుంది. తెలివైన కొనుగోలు ఇక్కడే ఉంది. అదే డబ్బుకు అయిదు చానళ్ల పెట్టె కొంటే వచ్చేది అయిదు చోట్ల పంచిన పొదుపు.

తరువాత ఫిర్యాదులు. ముందు పలక మీద బాస్‌కూ ట్రెబుల్‌కూ విడిగా నాబ్‌లు లేవు, రిమోట్ పట్టుకుని మెనూలోకి వెళ్లాలి. సోనోడైన్, కాస్మిక్ ఆంప్లిఫయర్ల కాలంలో చేత్తో తిప్పి వినడానికి అలవాటుపడిన వాళ్లకు ఇది నిజంగా కొరతే. సబ్‌వూఫర్‌కు విడి అవుట్‌పుట్ లేదు. టీవీ నుంచి వచ్చే ఆప్టికల్ కేబుల్‌కు గానీ హెచ్‌డీఎంఐకి గానీ చోటు లేదు. వెనక స్పీకర్ వైర్లు పట్టుకోవడానికి నొక్కితే తెరుచుకునే స్ప్రింగ్ క్లిప్పులే తప్ప మరలు బిగించే గట్టి టెర్మినళ్లు లేవు.

ఈ నాలుగూ ఇద్దరిలోనూ వినిపిస్తున్నాయంటే, ఒక కంపెనీ పిసినారితనమని అనుకోనక్కర్లేదు. ఈ ధరలో పెట్టె తయారుచేసే ఎవరైనా ముందుగా కోసేవి ఇవే. కాబట్టి వీటిని చూపించి సోనీకి మార్కులు తగ్గించి యమహా కొన్నా, యమహాకు తగ్గించి సోనీ కొన్నా లాభం లేదు. వీటిలో ఏది తప్పనిసరి అనుకున్నా, పై తరగతికి వెళ్లి డబ్బు ఎక్కువ పెట్టాలి, లేదా పక్కన ఇంకో చిన్న పెట్టె చేర్చుకోవాలి. టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ ఒక్కటే ఉంటే మధ్యలో డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టాలి. పెట్టాక టీవీ సెట్టింగులో శబ్దాన్ని పీసీఎంకు మార్చాలి. అది డాల్బీలోనే ఉండిపోతే మామూలు కన్వర్టర్ దాన్ని చదవలేదు, శబ్దం రాదు. "టీవీ పెడితే పని చేయలేదు, తిప్పి పంపేశాను" అనే అభిప్రాయాల్లో ఈ ఒక్క సెట్టింగు దగ్గర ఆగిపోయినవీ ఉంటాయి. సబ్‌వూఫర్ కావాలంటే స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే రకం కొనుక్కోవాలి.

ఒక్కరే అనే మాటలు

అసలు తేడా మొదలయ్యేది ఇక్కడ. సోనీ కొన్నవాళ్లలో చాలామంది ఆనందమంతా వెనక పలక మీద ఉన్న ఒక జత రంధ్రాల చుట్టూ తిరుగుతుంది: ఫోనో ఇన్‌పుట్. యమహా కొన్నవాళ్లలో కొందరి నిరాశ కూడా దాని చుట్టూనే. ఆర్-ఎస్202లో అది లేదు.

మూవింగ్ మాగ్నెట్ రకం సూది రికార్డు గాడిలోంచి తీసే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులే. సీడీ ప్లేయర్ లాంటివి ఇచ్చేది దానికి కొన్ని వందల రెట్లు. అంతేకాదు, రికార్డు కోసేటప్పుడు బాస్‌ను బాగా తగ్గించి, ట్రెబుల్‌ను బాగా పెంచి కోస్తారు. 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ కొలమానం ప్రకారం రెండు కొసల్లోనూ ఆ మార్పు ఇరవై డెసిబెళ్ల దాకా ఉంటుంది. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగేసి, శబ్దాన్ని పెంచి ఇచ్చేదే ఫోనో స్టేజి. అది లేకుండా టర్న్‌టేబుల్‌ను మామూలు లైన్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే ఏం వినిపిస్తుందో యమహా గురించి రాసిన అసంతృప్తుల్లో కనిపిస్తుంది: వాల్యూమ్ ఎంత తిప్పినా సన్నగా, బాస్ లేకుండా, దూరపు రేడియోలాగా వస్తోందని. చెప్పింది నిజమే. అది ఆంప్లిఫయర్ చెడిపోవడం వల్ల మాత్రం కాదు.

ఇదే విషయం సోనీ వైపు ఇంకోలా బయటపడుతుంది. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటి మొదటిమెట్టు టర్న్‌టేబుళ్లలో ఫోనో స్టేజి ముందే ఉంటుంది, వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని లైన్ దగ్గరే ఉంచి, వైర్లను మాత్రం సోనీ ఫోనోలో గుచ్చితే, ఒకసారి పెంచిన శబ్దాన్ని మళ్లీ పెంచినట్టవుతుంది. బరబరమని, పగిలిపోతున్నట్టు వస్తుంది. "ఫోనో బాగాలేదు" అనే ఫిర్యాదు కనిపిస్తే, రాసినాయన స్విచ్ సంగతి చెప్పాడో లేదో చూడాలి. చెప్పకపోతే ఆ ఫిర్యాదును లెక్కలోకి తీసుకోకూడదు.

తెలుగు ఇళ్లకు ఈ ఒక్క తేడా చాలా దగ్గరిది. హెచ్ఎంవీ 1963లో తెచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత, బాలమురళి కృతులు ఇప్పటికీ ఎన్నో అటకల మీద అట్ట కవర్లలో ఉన్నాయి. వాటిని మళ్లీ వినాలనుకునే పిల్లలో మనవలో మొదట కొనేది ఇలాంటి తక్కువ ధర రిసీవరే. వాళ్లకు ఫోనో ఇన్‌పుట్ ఉండటం, లేకపోవడం అన్నది అలంకారం కాదు. యమహా కొంటే విడిగా ఫోనో ప్రీఆంప్ కొనాలి, దానికో అడాప్టరు, ఇంకో జత కేబుళ్లు కావాలి. తాతగారి 78 వేగపు రికార్డులు కూడా ఉంటే టర్న్‌టేబుల్ సంగతి వేరే చూసుకోవాలి, ఎల్‌పీ60ఎక్స్‌లో 33, 45 వేగాలే ఉన్నాయి.

యమహాకు ఉన్న సొంత మాట రేడియో. సోనీలో ఎఫ్ఎం మాత్రమే. అమెరికాలో అమ్మే ఆర్-ఎస్202లో ఏఎం కూడా ఉంది. వార్తలకో, ఊళ్లోని చర్చా కార్యక్రమాలకో ఏఎం వినే అక్కడి పెద్దవాళ్లు యమహాను మెచ్చుకోవడానికి ఇది న్యాయమైన కారణం. అక్కడి మనవాళ్లు తిరిగి వస్తూ ఆ పెట్టెనే వెంట తెచ్చుకోవాలనుకుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. అమెరికాలో ఏఎం స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, మన దగ్గర 9తో. హైదరాబాద్ ఆకాశవాణి 738, విజయవాడ 837. పదేసి చొప్పున గెంతే ట్యూనర్ 730 నుంచి 740కి పోతుంది, 738 మీద సూటిగా ఆగదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక పలక మీద 120 అని మాత్రమే ఉన్న పెట్టెకు, సోనీ అయినా యమహా అయినా, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. నేరుగా గోడకు పెడితే కాలిపోతుంది. అక్కడివాళ్ల ఐదు చుక్కలు చూసి ఇక్కడ తెప్పించుకునేవాళ్లు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

ఒక్కరే అనే మాటల్లో మరో రకం ఉంది, దాన్ని జల్లెడ పట్టాలి. యమహా శబ్దం సహజంగా, వెచ్చగా ఉంటుందని, సోనీది కాస్త పదునుగా ఉంటుందని చాలామంది రాస్తారు. యమహా 1887లో రీడ్ ఆర్గన్లతో మొదలైన సంస్థ. పియానోలు చేసే చేయి ఆంప్లిఫయర్ చేస్తే సంగీతం బాగుంటుందన్న నమ్మకం సహజం. ఆ కంపెనీ రిసీవర్ల మీద "నాచురల్ సౌండ్" అని అచ్చువేసి ఆ నమ్మకాన్ని ఇంకాస్త బలపరుస్తుంది. అయితే రెండు పెట్టెల్నీ ఒకే గదిలో, ఒకే స్పీకర్లకు తగిలించి, శబ్దం స్థాయి కొలిచి సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా విన్నానని ఆ రాసేవాళ్లలో ఎవరు చెబుతారు? స్థాయిలో ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని ఎక్కువ శబ్దం అనుకోదు, మంచి శబ్దం అనుకుంటుంది. కొలత లేకుండా చెప్పే వెచ్చదనం, పదును పేరు మీద పుట్టిన మాటలే. విమర్శలో వాటికి చోటివ్వలేను.

ఎదురెదురు మాటలు

ఒకే పెట్టె గురించి "ఇల్లు అదిరిపోతోంది" అని ఒకరు, "సగం తిప్పినా వినపడటం లేదు" అని ఇంకొకరు అంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ముందు ఆ 100 వాట్ల సంగతి చూడాలి. యమహా తన అంకెను 8 ఓమ్‌ల దగ్గర, 40 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, 0.2 శాతం డిస్టార్షన్‌తో అని వివరంగా రాస్తుంది. 20 హెర్ట్జ్ నుంచి కాకుండా 40 నుంచి మొదలుపెట్టడం ఒక సౌకర్యం: అట్టడుగు స్వరాల దగ్గర ఆంప్లిఫయర్ ఎంత మోయగలదో ఆ అంకె చెప్పదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) 1974లోనే ఆంప్లిఫయర్ శక్తిని ఏ షరతుల మీద చెప్పారో బయటపెట్టాలని నిబంధన తెచ్చింది. ఆ షరతులు అందరికీ ఒకటే కావాలని, అంటే 8 ఓమ్‌లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 1 శాతం లోపు డిస్టార్షన్ ఉండాలని 2024లో సవరించింది. యాభై ఏళ్లు పట్టిన ఈ సవరణే చెబుతుంది, అట్టపెట్టె మీది అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎంత కష్టంగా ఉండేదో.

అంకె కన్నా స్పీకరే ఎక్కువ నిర్ణయిస్తుంది. శక్తి రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. ఒక స్పీకర్ సెన్సిటివిటీ 84, ఇంకోదానిది 90 అయితే ఆ ఆరు డెసిబెళ్ల తేడాను పూడ్చడానికి నాలుగు రెట్లు వాట్లు కావాలి. కాబట్టి 90 స్పీకర్ ఉన్న చిన్న గది యజమాని, 84 స్పీకర్ ఉన్న పెద్ద హాలు యజమాని ఒకే సోనీ గురించి ఎదురెదురుగా రాయడంలో ఆశ్చర్యం లేదు. స్పీకర్ పేరు, గది కొలత చెప్పకుండా "బలం లేదు" అంటే అది సగం వాక్యం.

బాస్ గురించిన తగువు ఇంకా దగ్గరగా చూడాల్సింది. ఆ స్ప్రింగ్ క్లిప్పుల దగ్గర కూర్చుంటే చాలామటుకు తెలిసిపోతుంది. స్పీకర్ వైరు రెండు పాయలుగా ఉంటుంది, ఒక పాయ మీద సన్నటి గీత గానీ వేరే రంగు గానీ ఉంటుంది. కొస ఒక సెంటీమీటరు దాకా ఒలిచి, లోపలి రాగి పోగుల్ని వేళ్లతో గట్టిగా మెలిపెట్టి, క్లిప్పు నొక్కి లోపలికి పంపాలి. గీత ఉన్న పాయను రిసీవర్ దగ్గర ఎరుపులో పెట్టి, స్పీకర్ దగ్గర నలుపులో పెడితే, రెండో స్పీకర్‌కు మాత్రం సరిగ్గా పెడితే, ఒక కోన్ ముందుకు వస్తున్నప్పుడు ఇంకోటి వెనక్కి పోతుంది. కింది స్వరాలు గాలిలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గాయకుడి గొంతు మధ్యలో నిలవక గదంతా చెదిరినట్టుంటుంది. మృదంగం కుడివైపు దెబ్బ వినిపిస్తుంది, ఎడమవైపు గుమ్మనే మోత పోతుంది. అలాంటి ఇంట్లో కూర్చుని "బాస్ లేదు, ఒక చుక్క" అని రాస్తే, ఆ చుక్క వైరుకు చెందుతుంది. మెలిపెట్టని రాగి పోగు ఒకటి పక్క క్లిప్పుకు తగిలితే రిసీవర్ తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. దాన్నే కొందరు "వచ్చిన రోజే చెడిపోయింది" అని రాస్తారు.

వేడి గురించీ ఇంతే. ఇవి తమ వేడిని పైకప్పు రంధ్రాల గుండా వదిలే పెట్టెలు. తెరిచి ఉన్న బల్ల మీద పెట్టినవాళ్లకు గోరువెచ్చగా ఉంటుంది. టీవీ కింద అద్దాల బీరువాలో, పైన సెట్‌టాప్ బాక్సు పెట్టి వాడేవాళ్లకు, మన ఎండాకాలంలో మరీ, చేయి పెట్టలేనంత కాగుతుంది. ఏ, బీ అని రెండు జతల స్పీకర్లు ఒకేసారి మోగించేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిస్తే ఆంప్లిఫయర్‌కు కనిపించేది 4. వెనక పలక మీద, మాన్యువల్‌లో ఎన్ని ఓమ్‌లు అన్నారో చదవకుండా రెండు గదుల్లో పెళ్లిపాటలు పెట్టి, పెట్టె ఆగిపోయిందని తిట్టడం న్యాయం కాదు.

ఏ మాటకు ఎంత విలువ

కొన్న వారం లోపు రాసే అభిప్రాయాలకు, ఏడాది దాటాక రాసే వాటికి కూడా ఇదే తూకం వేయాలి. మొదటి వారంలో మాట్లాడేది అట్టపెట్టె తెరిచిన సంతోషం, పాత మినీ సిస్టమ్‌తో పోలిక. అక్కడ ఫోనో ఉందా, టీవీ తగులుతుందా అనే విషయాలు సరిగ్గానే తెలుస్తాయి, ఆ మేరకు తీసుకోవాలి. మన్నికను మాత్రం ఆ వారం చెప్పలేదు. రెండు వేసవులు చూశాక రిమోట్ బటన్లు పని చేస్తున్నాయా, వాల్యూమ్ నాబ్ తిప్పితే అంకె సరిగ్గా మారుతోందా, ఒక చానల్ అప్పుడప్పుడు మాయమవుతోందా, బాగుచేసేవాళ్లు దొరికారా అని చెప్పే అభిప్రాయం ఒక్కటి, మొదటి వారపు పొగడ్తలు ఎన్నింటికన్నా విలువైనది. అలాంటివి తక్కువగా దొరుకుతాయి. బాగా మోగుతున్న పెట్టె గురించి రెండేళ్ల తరువాత కూర్చుని రాసే ఓపిక అందరికీ ఉండదు.

ఇలా వడగట్టాక నా తీర్పు ఇది. శబ్దం విషయంలో, బలం విషయంలో ఈ రెండింటి మధ్య ఎంచుకోవడానికి కొన్నవాళ్ల మాటల్లో నమ్మదగిన ఆధారం లేదు. రెండూ తమ ధరకు నిజాయితీగా పనిచేస్తాయి. ఇంట్లో రికార్డులుంటే సోనీ స్పష్టంగా ముందుంటుంది. దాని యజమానుల సంతోషానికి వెనక పలక మీద కంటికి కనిపించే కారణం ఉంది. రికార్డులు లేక ఏఎం వినే అలవాటుంటే, ఉంటున్న దేశానికి సరిపడే ఏఎం ట్యూనర్ ఉన్న యమహాయే సరైనది. టీవీ, సబ్‌వూఫర్ ముఖ్యమనుకునేవాళ్లు రెండింటినీ వదిలి పై తరగతికి వెళ్లడం మంచిది. ఎవరైనా సరే, రిసీవర్ దగ్గర మిగిల్చిన ప్రతి రూపాయినీ స్పీకర్ల మీద పెడితే చెవికి ఎక్కువ దక్కుతుంది.

రాసేవాళ్లకూ ఒక విన్నపం ఉంది. తక్కువ ధర వస్తువు కొనేవాడికి ఇంకోసారి కొనే స్తోమత ఉండకపోవచ్చు. అతను నమ్మేది ముందు కొన్నవాళ్ల మాటనే. ఏ స్పీకర్లతో విన్నారో, గది ఎంతదో, పాట ఎక్కడినుంచి వస్తోందో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఈ నాలుగూ రాస్తే, ఒక్క చుక్క ఇచ్చిన అభిప్రాయం కూడా ఎవరికో దారి చూపుతుంది. ఇవి లేకుండా అయిదు చుక్కలిచ్చినా అది రాసినవాడి సంతోషమే తప్ప చదివినవాడికి సాయం కాదు.